నా బోర్డు రెండడుగులు, ఆ బొమ్మ ఇరవై అడుగులు

ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ ఛైర్మన్ గారికి, సభ్యులకు,
విజయవాడ.

అయ్యా,

విశాఖపట్నం వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్‌కు నాలుగడుగుల దూరంలో, ఒక సందులో నాకో క్లినిక్కు ఉంది. మూడు బెంచీలు, ఒక పరీక్ష బల్ల, ఒక కాంపౌండరు. పోయిన వానలకు బోర్డు మీద అక్షరాలు రాలిపోతే పెయింటరును పిలిపించాను. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుమే నిలవదు, రంగు ఎంతసేపు. అతను నిచ్చెన వేసుకుని పాత అక్షరాల మీదే దిద్దుకుంటూ వచ్చాడు. పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు అయిపోయాక కిందికి చూసి అడిగాడు.

"ఇంతేనేటి బాబూ? ఇంకేటీ రాయొద్దా? అందరూ ఏదోటి రాయించుకుంతారు కదా."

"రాయకూడదయ్యా, రూలు" అన్నాను.

అతను నవ్వి, నిచ్చెన మీంచే కుంచెతో మెయిన్ రోడ్డు వైపు చూపించాడు. అక్కడ ఇరవై అడుగుల హోర్డింగు. తెల్లకోట్లు వేసుకుని, చేతులు కట్టుకుని, ముగ్గురు డాక్టర్లు నవ్వుతున్నారు. పక్కన మోకాలి చిప్ప బొమ్మ. కింద ఫోన్ నంబరు, ‘మొదటి కన్సల్టేషన్ ఉచితం’ అని ఎర్రక్షరాలు.

"ఆళ్లకి రూలు లేదేటి బాబూ?"

జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గర ఉండాలి కనక ఈ ఉత్తరం రాస్తున్నాను.

రూలు ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, ఇది బహిరంగ లేఖ కాబట్టి నా బెంచీల మీద కూర్చునేవాళ్ల కోసం చెప్పాలి. డాక్టర్ల వృత్తి నడవడి మీద 2002లో భారత వైద్య మండలి తెచ్చిన నియమావళే ఇప్పటికీ నడుస్తోంది. దాని ప్రకారం డాక్టరు రోగులను నేరుగా గానీ చాటుగా గానీ పిలుచుకోకూడదు. తన పేరును ప్రకటనకు వస్తువుగా ఇవ్వకూడదు. బోర్డు అసాధారణమైన సైజులో ఉండకూడదు. దాని మీద పేరు, అర్హత, స్పెషాలిటీ, రిజిస్ట్రేషన్ నంబరు లాంటివి తప్ప మరో మాట ఉండకూడదు. మందుల షాపు మీద బోర్డు వేలాడదీయకూడదు. రోగులను తెచ్చిపెట్టే దళారులను పెట్టుకోకూడదు. పంపినందుకు కమిషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఇందులో అర్థం కాని ముక్క ఒక్కటీ లేదు.

పత్రికలో ప్రకటన ఇవ్వడానికి మాత్రం ఏడు సందర్భాల్లో వీలుంది. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, ప్రాక్టీసు తీరు మారినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొన్నాళ్లు ఊళ్లో లేనప్పుడు, తిరిగొచ్చినప్పుడు, మరొకరి ప్రాక్టీసు చేతికి తీసుకున్నప్పుడు. ఏడోది చాలామంది చదివి ఉండరు: తాను తీసుకునే ఫీజులు బహిరంగంగా చెప్పడానికి. అంటే డాక్టరు గురించి జనానికి తెలియాల్సింది అతని నవ్వు కాదు, అతని రేటు అని 2002లోనే ఎవరో బుద్ధిమంతుడు రాసిపెట్టాడు. ఇన్నేళ్లలో ఫీజులు చెప్పే ప్రకటన నాకు ఒక్కటీ కనపడలేదు. ‘ఉచితం’ అనేవి మాత్రం రోజూ కనపడుతున్నాయి.

హోర్డింగు ఆసుపత్రిది, డాక్టరుది కాదు అంటారని తెలుసు. ఆసుపత్రులు మెడికల్ కౌన్సిల్ పరిధిలోకి రావని 2014లో ఢిల్లీ హైకోర్టులో తేలింది కూడా. ఒప్పుకుంటాను. ఇటుకలకూ అద్దాలకూ మీ రిజిస్టరులో పేరు ఉండదు. కానీ ఆ బొమ్మలో నవ్వుతున్న ముగ్గురికీ ఉంది. నా నంబరు ఏ వరుసలో ఉందో వాళ్ల నంబర్లూ ఆ వరుసలోనే ఉన్నాయి. ‘మీ బొమ్మ మీ అనుమతితోనే వేశారా’ అని ముగ్గురికీ తలా ఒక ఉత్తరం రాయడానికి మీకు ఏ కోర్టూ అడ్డు చెప్పలేదు. అనుమతి ఇచ్చామంటే అది వాళ్ల తప్పు. ఇవ్వలేదంటే ఆ బొమ్మ మర్నాడే దిగిపోతుంది. ఎటు తేలినా మీ ఖర్చు మూడు స్టాంపులు.

హోర్డింగు అయినా అందరికీ కనపడుతుంది. కనపడని మార్కెటింగు నా క్లినిక్కులోకి నడిచి వస్తుంది. నెలకొకసారి ఒక కుర్రాడు వస్తాడు. పీఆర్వో అంటారు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, చాలా మర్యాద. వాడి మీద నాకు కోపం లేదు. డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క ఈ పనికి వచ్చినవాడు, నెలకు ఇన్ని కేసులని వాడి మెడ మీద టార్గెట్ ఉంటుంది.

"సార్, మీ దగ్గరికి గుండె కేసులు, మోకాళ్ల కేసులు వస్తాయి కదా సార్. మాకు పంపండి. మేం చూసుకుంటాం."

"చూసుకునేది పేషెంటునా, నన్నా?" అని అడిగాను ఒకసారి.

వాడు నవ్వలేదు. "ఇద్దర్నీ సార్" అన్నాడు.

ఇలాంటి కుర్రాళ్లు నా దగ్గరకే కాదు, అంబులెన్సు డ్రైవర్ల దగ్గరికి, పల్లెల్లో ఆర్ఎంపీల దగ్గరికి కూడా వెళ్తారు. ఇక్కడో తమాషా ఉంది. నియమావళి భాషలో ఆ మూడక్షరాలకు రిజిస్టరైన డాక్టరు అని అర్థం. మన ఊళ్లలో అదే మాటకు రిజిస్టరు కాని డాక్టరు అని అర్థం. ఒకే పేరుతో ఇద్దరం. కవరు మాత్రం ఇద్దరికీ ఒకే రకంగా వస్తుంది.

కవరు గురించి చెప్పేటప్పుడు నా చేతులు శుభ్రంగా ఉన్నాయని చెప్పను. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక డయాగ్నస్టిక్ సెంటరు నుంచి నెలాఖరుకు కవరు వచ్చింది. మొదటి నెల అదేమిటో అర్థం కాలేదు. రెండో నెల అర్థమైంది, అయినా తీసుకున్నాను. అద్దె కట్టాలి, పాప బడి ఫీజు కట్టాలి. నేను పంపిన ప్రతి పరీక్షకూ బిల్లులో నూటికి ముప్ఫై. కొన్ని నెలల తర్వాత ఒక కళాసీ భార్య కడుపునొప్పితో వచ్చింది. స్కానింగు రాశాను. నాలుగు రోజులు ఆగి చూడదగ్గ నొప్పే. మర్నాడు ఆవిడ రిపోర్టు తెచ్చి, చీర చెంగులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద బోర్లించింది. స్కానింగు బిల్లుతో పాటు ఇంకో కాగితం పడింది. ఈ మార్కెట్లోనే చెవి దుద్దులు తాకట్టు పెట్టిన చీటీ. రెండింటి మీదా తారీఖు ఒకటే. రిపోర్టు నార్మల్. "ఏటీ నేదా బాబూ, అమ్మయ్య" అని ఆవిడ సంతోషంగా వెళ్లిపోయింది. ఆ నెల కవరు వెనక్కి పంపించాను. పెద్ద త్యాగమేమీ కాదు, ఆ దుద్దులు నేను విడిపించలేదు కూడా. లెక్క మాత్రం ఆ రోజు కళ్లకు కట్టింది: నా ముప్ఫై రూపాయలు ఆ సెంటరువాడి జేబులోంచి రాలేదు.

మార్కెటింగు అనే ఈ వ్యవహారమంతా ఇంతే. హోర్డింగు అద్దె, పీఆర్వో జీతం, డ్రైవరు కవరు, ‘ఉచిత శిబిరం’లో బీపీ చూసే అమ్మాయి రోజుకూలి, ఇవన్నీ ఎవరో ఒకరి బిల్లులో ఏదో ఒక వరుసలో కూర్చుంటాయి. ఆ వరుసకు ‘ప్రచారం’ అని పేరు పెట్టరు. ‘సర్వీస్ ఛార్జీ’ అనో, ‘ప్రొసీజర్’ అనో ఉంటుంది. మందుల కంపెనీలు డాక్టర్లకిచ్చే కానుకలను ఖర్చు కింద చూపి పన్ను తగ్గించుకోవడం కుదరదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కానుకల ఖర్చు చివరికి మందు ధరలో కలిసి రోగి నెత్తినే పడుతుందనీ అంది. దుద్దుల చీటీ చూసినప్పుడు నాకు తట్టింది కూడా అదే.

మరి కవరూ హోర్డింగూ లేకుండా ప్రాక్టీసు నడుస్తుందా అని మీరు అడగొచ్చు. కొత్త డాక్టర్లు నన్ను అడిగేదీ ఇదే. నడుస్తుంది, కుంటుతూ. ఎలా నడుస్తుందో చెబుతాను.

వన్ టౌన్‌లో ప్రాక్టీసంటే పక్కనే కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ప్రభుత్వాసుపత్రి, ఉందని గుర్తు పెట్టుకుని చేసే ప్రాక్టీసు. 1923 నుంచీ ఉన్న పెద్దాసుపత్రి ఆటో దూరంలో ఉంది. ఆడవాళ్లకు ఘోషా ఆసుపత్రి ఉంది. అక్కడ ఫీజు లేదు. అయినా ఒక మనిషి నాకు 200 రూపాయలు ఇస్తున్నాడంటే వైద్యానికి ఒక్కదానికే కాదు, తన రోజుకూలి పోకుండా ఉండటానికి ఇస్తున్నాడు. హార్బరులో మూట మోసేవాడు పెద్దాసుపత్రి ఓపీ క్యూలో నిలబడితే ఆ రోజు పని పోతుంది. కాబట్టి నేను అమ్ముతున్నది టైము. సాయంత్రం 6కు వస్తానని చెబితే 6కు నేను కుర్చీలో ఉండాలి. ఇరవై నిమిషాలు ఆలస్యమైతే వాళ్లు నన్ను తిట్టరు, వచ్చే నెల రారు, అంతే. ప్రాక్టీసు మేనేజ్‌మెంటు మీద నాకు తెలిసిన విద్యలో సగం ఇదే. పది రోజుల్లోపు అదే జబ్బుతో మళ్లీ వస్తే ఫీజు లేదన్న మాట పాటించడం మిగతా దాంట్లో పెద్ద ముక్క.

తక్కినవి చిల్లర పద్దులు. అద్దె, కరెంటు, కాంపౌండరు జీతం. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని వేరుచేసి ఇచ్చే ఆసుపత్రి చెత్త సంచుల బండికి నెలవారీ. 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద జిల్లా వైద్యాధికారి, అంటే డీఎంహెచ్‌వో ఆఫీసులో అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషను. ఒక్క డాక్టరూ మూడు బెంచీలూ ఉన్న చోటికీ, మూడొందల పడకలున్న చోటికీ కాగితాల కట్ట ఇంచుమించు ఒకే లావు. ఇది మీ పని కాదు, అయినా గోడు చెప్పుకుంటే పోయేదేముంది.

ఇక్కడి లెక్కల పుస్తకానికి సముద్రంతో సంబంధం ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఫిషింగ్ హార్బరు మీద బతికే ఇళ్లలో చేతిలో డబ్బు ఆడదు. చేపను మంచులో పెట్టేవాడికీ, బుట్ట మోసే ఆడమనిషికీ, ఐసు ఫ్యాక్టరీ కూలీకీ ఎవరికీ ఆడదు. నాకు అరువు పద్దు ఒకటి ఉంది. ఏప్రిల్లో తెరుస్తాం, ఆగస్టుకు చాలావరకు మూస్తాం. ఇచ్చేవాళ్లు ఇస్తారు. ఇవ్వనివాళ్లు ఉంటారు. అదేం పెద్ద నష్టం కాదు. అసలు నష్టం వేరే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బాకీ ఉన్న మనిషి డాక్టరు ముఖం చూడడు. షుగరు మాత్రలు అయిపోయినా రాడు. సందు చివర నన్ను చూస్తే అవతలి పక్కకు దాటిపోతాడు. మూడు నెలల తర్వాత కాలి పుండుతో నేరుగా కేజీహెచ్‌లో తేలతాడు.

అందుకని నా కాంపౌండరు ఒక రూళ్ల పుస్తకం పెట్టాడు. షుగరు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్ల పేర్లు, ఎప్పుడు రావాలో తారీఖులు. (పోర్టు బొగ్గుపొడి పుణ్యమా అని ఆయాసం పేజీలు మిగతా వాటికన్నా ఎక్కువ. బాల్కనీలో ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో వన్ టౌన్‌లో ఎవరినైనా అడగండి.) తారీఖు దాటితే కాంపౌండరు ఫోన్ చేస్తాడు. "బాకీ కోసం కాదు మావా, షుగరు కోసం. రేపు రా" అంటాడు. పదిమందిలో ఆరుగురు వస్తారు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ ఫోను మీ నిబంధనల ప్రకారం గుర్తు చేయడమా, గిరాకీ పిలుచుకోవడమా? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నాను. ఒక పేషెంటు కొడుకు కాంపౌండరు మీద కేకలేశాడు, "డాక్టర్ గారికి కేసులు తగ్గాయా, ఫోన్లు చేసి మరీ పిలుస్తున్నారు" అని. అప్పట్నుంచి వాడు ఫోను చేయడానికి భయపడుతున్నాడు. హోర్డింగు మీద ముగ్గురికీ లేని భయం నా కాంపౌండరుకు ఎందుకుండాలి? పాత పేషెంటుకు పాత జబ్బు గురించి గుర్తుచేస్తే తప్పు లేదని, ముక్కూమొహం తెలియనివాడికి ‘ప్యాకేజీ’ మెసేజీ పంపితే తప్పని, మీరు తెలుగులో రెండు వాక్యాలు రాసి ఇస్తే గోడకు అంటించుకుంటాను.

సెల్ ఫోను గురించి కూడా అడగాలి. నా క్లినిక్కు గూగుల్ మ్యాపులో నేను పెట్టకుండానే ఉంది. ఎవరో పెట్టారు. ఎవరో మూడు నక్షత్రాలిచ్చారు, ‘డాక్టరు మంచోడే, ఫ్యాను తిరగదు’ అని రాశారు. నిజమే, అప్పుడు తిరగలేదు. తర్వాత బాగు చేయించాను. ఆ తర్వాత ఒక ఏజెన్సీవాడు ఫోను చేసి, అయిదు నక్షత్రాలు కట్టలుగా అమ్ముతానన్నాడు. వద్దన్నాను. వద్దనని వాళ్లు ఎవరో మ్యాపు తెరిస్తే తెలిసిపోతుంది. ఒకే వారంలో, ఒకే వాక్యంతో, ఊరు తెలియని పేర్లతో పొగడ్తలు వచ్చిపడతాయి. ఈ విషయాలన్నీ కాస్త స్పష్టంగా చెప్పబోయిన కొత్త నియమావళి ఒకటి జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న తెచ్చింది. సోషల్ మీడియాలో డాక్టరు ఎలా మసలుకోవాలో అందులో ఉంది. జనరిక్ మందులే రాయాలన్న మాట మీద గొడవ రేగి, అదే నెల 23న మొత్తం పక్కన పెట్టేశారు. ఒకటి రెండు నిబంధనల కోసం పుస్తకం మొత్తం అటకెక్కింది. అలా 2002 నాటి రూల్సుతో ఇప్పటి ఫోన్లను కొలుస్తున్నాం.

ప్రచారానికి పూర్తిగా తలుపు తెరిచేస్తే పోలేదా, పోటీలో ధరలు దిగుతాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు అమెరికా సంగతి చెప్పాలి. మా వన్ టౌన్‌లో సెయింట్ అలోషియస్ బడి మొదలైన 1847లోనే అమెరికా వైద్య సంఘం తన తొలి నీతి నియమావళి రాసుకుంది. డాక్టర్లు ప్రకటనలివ్వడం మీద అక్కడున్న నిషేధం పోటీకి అడ్డమని ప్రభుత్వ సంస్థ కేసు వేస్తే, 1982లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి సంఘం ఓడిపోయింది. ఇప్పుడక్కడ టీవీలో డాక్టర్లూ మందులూ కనపడతాయి. వైద్యం చవకైందని ఆ దేశంలో ఉన్న మా బంధువులెవరూ చెప్పలేదు. పంటి నొప్పి వస్తే విశాఖ టిక్కెట్టు కొనుక్కుంటారు. అక్కడ తలుపు తెరిచి ఒప్పుకున్నారు, ఇక్కడ తలుపు మూసి కిటికీలోంచి రానిస్తున్నాం. రెండింట్లో ఏది అధ్వాన్నమో తేల్చడం నా వల్ల కాదు గానీ, కిటికీ పక్కన కాపలా కూర్చున్నది మాత్రం మీరే.

నేను కోరేది పెద్ద సంస్కరణ కాదు. చట్టం మార్చమనడం లేదు, కొత్త కమిటీ వేయమనడం లేదు. 2002 నియమావళిలో ఇంకో చిన్న వాక్యం ఉంది. డాక్టరు తన గదిలోనూ, తాను వెళ్లే ఆసుపత్రుల్లోనూ ఫీజునూ ఇతర ఛార్జీలనూ బోర్డు మీద స్పష్టంగా చూపించాలి. వైద్యం చేశాక కాదు, ముందే ఫీజు చెప్పాలని మరోచోట ఉంది. కురుపాం మార్కెట్లో బంగారం రేటు రోజూ బోర్డు మీద రాస్తారు. అది చూసి, లెక్క వేసుకుని, లోపలికి వెళ్లాలో వద్దో ఆ కళాసీ భార్య తేల్చుకోగలదు. స్కానింగు దగ్గర ఆవిడకు ఆ వీలు లేదు. ‘ఫీజెంత’ అని డాక్టరును అడగడం మర్యాద కాదని మనవాళ్లకు నేర్పాం. అడగరు. బయట మందుల షాపు కుర్రాణ్ని అడుగుతారు.

ఇన్ని మాటలు చెబుతున్న నా బోర్డు మీద కూడా మొన్నటిదాకా ఫీజు లేదు. లోపల, కాంపౌండరు బల్ల వెనక గోడకు, చిన్నక్షరాలతో ఉండేది. ఆ రోజు పెయింటరు నిచ్చెన దిగే లోపు ఆపి రాయించాను. ‘ఫీజు 200. పది రోజుల్లోపు రెండోసారి లేదు.’ రాస్తూ అతను, "ఇది బాగుంది బాబూ, ఇది జనానికి పనికొచ్చే రాత" అన్నాడు. అయితే వీధి బోర్డు మీద అనుమతించిన మాటల జాబితాలో ఫీజు లేదు. ఫీజు చూపమని ఒక చోట, బోర్డు మీద మరో మాట వద్దని ఇంకో చోట ఉంటే నేను తప్పు చేసినట్టా, చేయనట్టా? తప్పే అయితే నోటీసు పంపండి, సంతోషంగా జవాబిస్తాను. కాకపోతే వన్ టౌన్‌తో మొదలుపెట్టి, ప్రతి క్లినిక్కు గుమ్మానికీ, ప్రతి ఆసుపత్రిలో ప్రతి డాక్టరు గది తలుపుకీ ఫీజు రాయించండి. మసక కళ్లు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో, తెలుగులో. దాంతోపాటు ఆ హోర్డింగు మీద ముగ్గురికీ మూడు ఉత్తరాలు. ఫిర్యాదు అందాక ఆరు నెలల్లో తేల్చాలని మీ నియమావళే చెబుతోంది. ఈ లేఖను ఫిర్యాదుగానే తీసుకోండి.

కింద నా పేరు రాయడం లేదు. భయపడి కాదు. డాక్టరు తన పేరును ప్రచారానికి వాడుకోకూడదన్నారు కదా, పత్రికలో అచ్చయితే ఇదీ ప్రచారమేనేమోనని అనుమానం. కావాలంటే సందులోకి రండి. రంగు ఇంకా పచ్చిగానే ఉంది, బోర్డు మీద అంతా ఉంది.

ఇట్లు,
వన్ టౌన్ డాక్టరు ఒకడు,
విశాఖపట్నం.